ఎర్ర త్రికోణం బండి

హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి అమలాపురంలో దిగొచ్చు. 1997 సంక్రాంతికి మేం భోగికి రెండు రోజుల ముందు పొద్దున్నే బయల్దేరి, కనుమ సాయంత్రానికి ఊరు చేరాం. దారిలో వరదల్లేవు, బంద్‌ల్లేవు, ఎవరికీ జ్వరం కూడా రాలేదు. మా పెదనాన్న బండిలో వెళ్ళాం, అంతే.

ముందు ఆ బండి గురించి చెప్పాలి. పెదనాన్న ఒక వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. చేతిలో నాలుగు డబ్బులు పడితే ఎవరైనా స్థలం కొంటారు, లేదా ఆడపిల్లల పెళ్ళికని బంగారం కొంటారు. ఈయన వేలంలో కండెమ్ చేసిన వ్యాన్ కొనుక్కొచ్చారు. ఒకప్పుడు ఊరూరా తిరిగి, చీకటి పడ్డాక రచ్చబండ దగ్గర తెల్ల తెర కట్టి ప్రచార సినిమాలు వేసిన బండి అది. ఏ కంపెనీదో చెప్పను. ఇరవై ఏళ్ళు మట్టిరోడ్ల మీద తిరిగి రిటైరైన బండి మళ్ళీ రోడ్డెక్కి చెడిపోయిందంటే తప్పు దానిది కాదు. చప్పిడి మొహం, ముందు సీట్ల మధ్యలో రేకు డబ్బా కింద ఇంజిన్, వెనకాల ప్రొజెక్టర్ పెట్టుకునే చెక్క అరలు, టాపు మీద తుప్పు పట్టిన మైకు గొట్టం. పెదనాన్న దానికి ఆకుపచ్చ రంగు వేయించారు గానీ ఒక్క కోటింగే వేయించారు. ఎండలో నిలబెడితే ఆ పచ్చరంగు కిందనుంచి కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం, దాని పక్కన "ఇద్దరు లేక ముగ్గురు చాలు" అన్న అక్షరాలు మెల్లగా తేలేవి. ఆ బండిలో మేం తొమ్మిదిమందిమి. సూర్యాపేటలో టీ కొట్టు దగ్గర ఒకాయన ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివి, మమ్మల్ని ఒక్కొక్కళ్ళనీ లెక్కపెట్టి, ఏమీ అనకుండా టీ తాగేసి వెళ్ళిపోయాడు.

ఇప్పుడైతే క్యారవాన్ అంటున్నారు, సినిమావాళ్ళ దగ్గర ఉంటాయని చెప్పుకుంటున్నారు. మాకు అప్పుడు ఆ మాట తెలీదు, ఇల్లుబండి అనేవాళ్ళం. పెదనాన్న ఆర్నెల్లు కూర్చుని సొంత చేతుల్తో చేశారు దాన్ని. అరలు కోసి ఒక పక్కన పడకలా బల్ల కొట్టి, దాని మీద కొబ్బరిపీచు పరుపు వేశారు. ఎదురుగా రెండు మడత బల్లలు. ఒక మూల పంపు స్టవ్వు కదలకుండా ఇనప పట్టీ బిగించారు. ప్లాస్టిక్ డ్రమ్ముకి ఇత్తడి కుళాయి పెట్టి నీళ్ళ ఏర్పాటు చేశారు. ఆ కుళాయి తిప్పి చూపించినప్పుడు పెదనాన్న మొహం చూడాలి, గోదావరికి ఆనకట్ట కట్టిన కాటన్ దొర కూడా అంత మురిసిపోయి ఉండడు. కిటికీలకి దొడ్డమ్మ పాత వెంకటగిరి చీర కర్టెన్లయింది. అడక్కుండా చింపేశారని ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ పడక మామ్మ కోసం. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను గురించి కోనసీమలో ఆ కాలంవాళ్ళెవరికీ చెప్పక్కర్లేదు. వెయ్యి మందికి పైగా పోయారు. ముమ్మిడివరం, కాట్రేనికోన, ఐ.పోలవరం వైపు మరీ దారుణం, మా ఊరు అక్కడే. ఫోన్లు లేవు, కరెంటు లేదు. పెదనాన్న, నాన్న ఎలాగో వెళ్ళి చూసొచ్చారు. మామ్మ బతికే ఉంది, ఇల్లు కొంచెం దెబ్బతింది అని మా పిల్లలకి చెప్పారు. ఆ "కొంచెం" ఎంతో మాకు తెలీదు. మోకాళ్ళ నొప్పులతో మామ్మ బస్సులో కూర్చోలేదు కాబట్టి బండి తీసుకెళ్ళి, పడుకోబెట్టి హైదరాబాద్ తెచ్చేసుకుందామన్నది పెదనాన్న ప్లాను. బస్సుకెళ్దామన్నది నాన్న మాట. దారి పొడుగునా నాన్న ఆ ఒక్క మాటే రకరకాలుగా అంటూ వచ్చారు.

మొదటి ఆగుడు నార్కట్‌పల్లి దగ్గర. పదైంది, ఎండ కూడా సరిగ్గా ఎక్కలేదు. సీట్ల మధ్య రేకు డబ్బా కిందనుంచి ఆవిరి లేచింది, పక్కన కూర్చున్న చిన్నత్త కాళ్ళు పైకి పెట్టుకుని కెవ్వుమంది. రేడియేటర్‌కి చిల్లు పడింది. పెదనాన్న కంగారు పడలేదు. "పసుపు తేవే" అన్నారు దొడ్డమ్మతో. లారీ డ్రైవర్లు చేసే పనే అది, నీళ్ళలో పసుపు కలిపి పోస్తే ఆ పొడి వెళ్ళి చిల్లు దగ్గర కూరుకుపోయి కారడం తగ్గుతుంది. పండక్కని పట్టించి పెట్టుకున్న పావుకిలో పసుపు అలా రేడియేటర్ పాలైంది. అక్కడినుంచి ఇంజిన్ వేడెక్కినప్పుడల్లా బండంతా పులిహోర పోపు పెట్టినట్టు వాసన.

సూర్యాపేట దాటకముందే ఫ్యాన్ బెల్టు తెగింది. కొత్త బెల్టు సైజు దొరక్క, దొరికిందే కొంచెం వదులుగా బిగించారు. ఆ వదులు బెల్టు ఏం చేస్తుందో నాకు తర్వాత అర్థమైంది, డైనమో సరిగ్గా తిరగదు, బ్యాటరీ నిండదు. పెదనాన్నకి అప్పుడే తెలుసు, చెప్పలేదు. ఆ రాత్రి అక్కడే రోడ్డు పక్కన పడుకున్నాం. నిజం చెప్పాలంటే ఆ రాత్రి బాగుంది. పంపు స్టవ్వు మీద అమ్మ ఉప్మా చేసింది, పిల్లలం నలుగురం టాపు ఎక్కి దుప్పట్లు కప్పుకుని లారీల లైట్లు లెక్కపెట్టాం.

రెండో రోజు కోదాడ దాటాక డీజిల్ వాసన. ట్యాంకుకి సరిగ్గా సగం ఎత్తులో చిన్న చిల్లు. దానికి బట్టల సబ్బు. సబ్బు ముక్క మెత్తగా పిసికి గట్టిగా అదిమితే డీజిల్‌కి అది కరగదు, పట్టుకుని ఉంటుంది. అయినా భయానికి ట్యాంకు సగానికి మించి నింపొద్దనుకున్నారు. ఈ సగం ట్యాంకు సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది. "పసుపు అయింది, సబ్బు అయింది, ఇంక కుంకం, తమలపాకులు కూడా అడగండి బావగారూ, పేరంటం పూర్తవుతుంది" అంది అమ్మ. పెదనాన్నని అమ్మ అలా ఎగతాళి చెయ్యడం నేను అదే చూడ్డం.

బెజవాడలో కొండ కింద ట్రాఫిక్‌లో రెండుసార్లు ఆగింది, రెండుసార్లూ తోశాం, పెద్దగా చెప్పుకోవాల్సిందేం లేదు. హనుమాన్ జంక్షన్‌లో దొడ్డమ్మ బండి ఆపించి ఆంజనేయస్వామి గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టింది. ఆ తర్వాత ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం దాకా ఒక్క చప్పుడు తేడా లేకుండా లాగేసింది. పెదనాన్న దాన్ని తన పనితనం అన్నారు. దొడ్డమ్మ ఏమీ అనలేదు, గుడి వైపు తిరిగి దండం పెట్టింది. తణుకు దగ్గర అర్ధరాత్రి దాటింది. కాసేపు పడుకుని నాలుగింటికి మళ్ళీ బయల్దేరాం, భోగి మంటల వేళకి ఇంటి దగ్గరుండాలని.

సిద్ధాంతం వంతెన మీద ఆగిపోయింది.

మామూలుగా ఆగడం కాదు. వంతెన ఎత్తు ఎక్కుతుంటే సగం ట్యాంకులో ఉన్న డీజిల్ వెనక్కి జారి, పైపులోకి గాలి వెళ్ళింది. డీజిల్ బండికి లైన్లో ఎయిర్ పడితే ఇంక అంతే, స్క్రూ వదులు చేసి, చేత్తో పంపు కొట్టి, బుడగలన్నీ పోయేదాకా డీజిల్ వదలాలి. పెదనాన్న చీకట్లో టార్చి నోట్లో పెట్టుకుని అదంతా చేశారు. తీరా సెల్ఫ్ కొడితే బ్యాటరీలో ప్రాణం లేదు. అదిగో, వదులు బెల్టు.

అందరం దిగి తోశాం. వంతెన పొడుగు ఎంతో బస్సులో కిటికీ పక్కన కూర్చుని వెళ్ళినప్పుడు తెలీదు. మంచు దట్టంగా ఉంది, కింద వశిష్ఠ గోదారి కనబడలేదు, ముందు చల్లగాలి మాత్రం తగిలింది. కాసేపటికి మంచులో అక్కడొకటీ ఇక్కడొకటీ ఎర్రటి వెలుగులు, గట్టు మీద ఊళ్ళల్లో, లంకల్లో భోగి మంటలు వేస్తున్నారు. వెలుతురు వచ్చేకొద్దీ ఇసక తిన్నెలు, వాటి మధ్య సన్నగా నీళ్ళు. తమ్ముడు తోయడం మానేసి రెయిలింగ్ పట్టుకుని చూస్తూ నిలబడిపోయాడు. నాన్న తిట్టలేదు. నాన్న కూడా ఆగారు. చొక్కా చేతులు పైకి మడుచుకుని, అరచేతులకి తుప్పు మరకలతో నిలబడి, "ఇంకో గోదారి దాటక్కర్లేదులే, దీని తర్వాత మనదే" అన్నారు. గౌతమికీ వశిష్ఠకీ మధ్యనున్నదే కదా కోనసీమ. మూడు రోజుల్లో బస్సు ప్రస్తావన లేకుండా నాన్న అన్న మొదటి మాట అది.

వెనకనుంచి వచ్చిన లారీ పక్కన ఆగింది. ఖాళీ లారీ, రావులపాలెం అరటి మార్కెట్‌కి గెలల కోసం వెళ్తోంది.

"ఏవయిందండీ?"

"ఎయిర్ పట్టింది, బ్యాటరీ కూడా పోయింది" అన్నారు పెదనాన్న.

"తాడుందాండీ? లేపోతే మన కాడుంది లెండి. న్యూట్రల్లో ఎట్టి కూకోండి, లాక్కెళిపోతాను. ఆయ్."

ఆ చివర "ఆయ్" విన్నాక చిన్నత్త నవ్వేసింది, "ఇంటికొచ్చేశాం వదినా" అంది అమ్మతో. ఇంటికి రాలేదు, ఇంకా రెండు రోజులుంది. లాగుతుండగా పెదనాన్న గేరేసి స్టార్ట్ చేద్దామని చూశారు, ఒకసారి కాదు, అయిదారుసార్లు. కాలిన వాసన వచ్చింది. క్లచ్ ప్లేటు.

రావులపాలెంలో షెడ్డు తీసి ఉంది గానీ మెకానిక్ కుర్రాడు కొత్త చొక్కా వేసుకుని ఉన్నాడు. "పండగపూట పానా పట్టుకోమంటే మా అమ్మ ఊరుకోదండి, రేపెల్లుండి సూద్దారి" అన్నాడు. పెదనాన్న బతిమాలితే ఆ క్లచ్ ప్లేటు రాజమండ్రి నుంచి రావాలని, తెలిసినవాళ్ళకి కబురు పెడతానని ఒప్పుకున్నాడు. నాన్న మమ్మల్ని బస్సులో తీసుకెళ్ళిపోతానన్నారు. దొడ్డమ్మ ఒప్పుకోలేదు. "కలిసి బయల్దేరాం, కలిసే దిగుదాం, ఆయన్నొక్కణ్ణీ పండక్కి షెడ్డులో వదిలేస్తామా" అంది. చీర సంగతి ఇంకా మర్చిపోని మనిషి.

అలా సంక్రాంతి మాకు రావులపాలెంలో, మెకానిక్ షెడ్డు ముందర జరిగింది. తెల్లారగట్ల లేచి చూస్తే గ్రీజు మరకల నేల మీద బండి తలుపుకి ఎదురుగా అమ్మ ముగ్గేసింది. చిన్న ముగ్గే. అక్కలు ఎక్కడినుంచో పేడ తెచ్చి గొబ్బెమ్మలు పెట్టారు. మెకానిక్ వాళ్ళమ్మగారు అరిసెలు, ఆత్రేయపురం నుంచి వచ్చిన పూతరేకులు పంపించారు. ఇంతలో హరిదాసు వచ్చాడు. తల మీద అక్షయపాత్ర, చేతిలో చిడతలు, వరసగా ఇల్లిల్లూ ఆగుతూ వస్తున్నాడు. షెడ్డు దగ్గరకొచ్చి మమ్మల్ని దాటి వెళ్ళిపోతాడనుకున్నాం. ముగ్గు చూశాడు. ఆగాడు. బండి తలుపుకి ఎదురుగా నిలబడి కీర్తన అందుకున్నాడు. అమ్మ గబగబా లోపలికి వెళ్ళి గిన్నెతో బియ్యం తెచ్చి నా చేతికిచ్చింది, ఆయన మోకాలి మీద వంగితే నేను పాత్రలో పోశాను. పెదనాన్న బండి కింద పడుకుని ఉన్నారు, కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. హరిదాసు వెళ్ళిపోయాక కూడా ఆ కాళ్ళు చాలాసేపు కదల్లేదు.

కనుమ మధ్యాహ్నానికి క్లచ్ బిగించారు. డబ్బులివ్వబోతే సామాను ఖరీదే తీసుకున్నాడు ఆ కుర్రాడు.

పలివెల, కొత్తపేట దాటాం. నేను కిటికీకి అతుక్కుని కూర్చున్నాను, ఆ దారిలో కొబ్బరి తోటల నీడ రోడ్డు మీద మొదలయ్యే చోటు నాకు తెలుసు. నీడ మొదలవలేదు. అంబాజీపేట వైపు వెళ్ళేకొద్దీ చెట్లు వాలి ఉన్నాయి, తర్వాత మొవ్వు విరిగిపోయి ఒట్టి మానులు నిలబడి ఉన్నాయి. తల లేని చెట్లు, వరసల వరసలు. బండిలో ఎవరూ మాట్లాడలేదు. కొత్త మొక్క నాటితే కాపుకి ఆరేడేళ్ళు పడుతుంది, ఆ సంగతి మాలో అందరికీ తెలుసు, పిల్లలకి కూడా.

అంబాజీపేట దగ్గర పొట్టిక్కలు తిందామని ముందునుంచీ అనుకున్నాం. పనసాకు బుట్టల్లో ఆవిరి మీద ఉడికించిన ఇడ్లీలు, అక్కడివే అసలైనవి. అవి దొరికాయో లేదో నాకు గుర్తు లేదు గానీ, ప్రభ ఎదురవడం గుర్తుంది. కనుమ కదా, జగ్గన్నతోట తీర్థానికి చుట్టుపక్కల ఊళ్ళనుంచి ప్రభలు బయల్దేరతాయి, పదకొండు రుద్రులు అక్కడ కలుస్తారంటారు. వెదురుబద్దలతో కట్టి రంగు గుడ్డలు చుట్టిన ఎత్తైన ప్రభ, మోస్తున్న కుర్రాళ్ళు "శరభా అశ్శరభ" అని అరుస్తూ అడ్డంగా రోడ్డు దాటుతున్నారు. దేవుడికి దారివ్వాలని పెదనాన్న భక్తిగా ఇంజిన్ ఆపేశారు. నాన్న రెండు చేతులూ తల మీద పెట్టుకున్నారు. ప్రభ దాటిపోయింది, బండి కదల్లేదు. ప్రభ వెనకాల వస్తున్న కుర్రాళ్ళు ఒక ఇరవైమంది, వాళ్ళకి ఊపు ఇంకా తగ్గలేదు, "అశ్శరభ శరభా" అంటూనే మా బండిని తోశారు. ఆ తోపుకి అది మాట వినే పిల్లాడిలా స్టార్టయింది. ఆ తర్వాత ఊరు చేరేదాకా పెదనాన్న దాన్ని ఆపలేదు, అమలాపురంలో మేం అడిగినా ఆపలేదు.

మా ఇల్లు మండువా పెంకుటిల్లు. ఉండేది. పెంకులు లేవు, దూలాలు సగం లేవు, పడమటి గోడ వానకి కరిగి మట్టికుప్ప అయింది. మండువాలో ఎండ పడే చోటు ఒకటుండేది, ఇప్పుడు ఇల్లంతా ఎండే. మామ్మ గేదెల పాకలో ఒక మూల టార్పాలిన్ కట్టుకుని ఉంటోంది. బండి చప్పుడు విని చేతికర్రతో బయటికొచ్చింది. సాయంత్రపు ఎండ బండి మీద పడుతోంది. మామ్మ మమ్మల్నెవర్నీ చూడలేదు, ఆ ఎర్ర త్రికోణాన్ని చూసింది.

"ఇదేంట్రా, ఆపరేషన్ల బండి మళ్ళీ వచ్చిందేంటి? నాకెందుకురా ఇప్పుడు?"

అంతవరకూ గట్టిగా ఉన్న పెదనాన్న, మామ్మ కాళ్ళ దగ్గర కూలబడి నవ్వుతూ ఏడ్చారో ఏడుస్తూ నవ్వారో మాకు అర్థం కాలేదు.

హైదరాబాద్ రానంది. గేదె ఈనింది, దూడ పదిహేను రోజులది, తుపానుకి తాడు తెంపుకుపోయి మూడో రోజు తనంతట తనే తిరిగొచ్చిన గేదె అది, దాన్నొదిలి ఎలా వస్తానురా అంది. ఆ రాత్రి మాత్రం బండిలో పడక మీద పడుకోబెట్టాం. కుళాయి తిప్పి చూసింది. కట్టేసింది. మళ్ళీ తిప్పింది. పొద్దున్న లేచి, "వర్షమొస్తే కారదు కదా?" అని ఒక్క ప్రశ్న వేసింది.

నాలుగో రోజు మేమంతా అమలాపురం నుంచి బస్సులో తిరిగొచ్చాం. బండి పెరట్లో, కూలిన గోడ పక్కన ఉండిపోయింది. టైర్ల కింద ఇటికలు పెట్టి పెదనాన్న తాళం చెవి మామ్మ బొడ్డుకి కట్టి వచ్చారు. ఇంటికి మళ్ళీ కప్పు పడేదాకా, దాదాపు రెండున్నరేళ్ళు, ఆవిడ అందులోనే ఉంది. ప్రొజెక్టర్ కొక్కేనికి ఉట్టి వేలాడదీసింది. ఇంజిన్ డబ్బా మీద దేవుడి పటాలు. బండి కిందకి కోళ్ళు. దొడ్డమ్మ చీర కర్టెన్లు ఉతికి ఆరేసి మళ్ళీ కట్టేది.

పెదనాన్న మటుకు దాన్ని వదల్లేదు. మరుసటి సంక్రాంతికి అమలాపురం నుంచి అద్దెకి బ్యాటరీ తెచ్చి బిగించి, మామ్మ లోపలుండగానే సెల్ఫ్ కొట్టారు. గుర్రుగుర్రుమంది. మళ్ళీ కొట్టారు. నాలుగోసారికి గుప్పున నల్లపొగ వదిలి, బండంతా ఊగిపోతూ స్టార్టయింది, కోళ్ళు నాలుగు దిక్కులా ఎగిరిపోయాయి. పెదనాన్న స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని మా అందరికేసీ గర్వంగా చూస్తున్నారు.

లోపల్నుంచి మామ్మ కేక, "ఆపరా బాబూ, కవ్వం పెట్టాను, చల్ల ఒలికిపోతంది!"